ఆరు గదుల తుపాకీ... అయిదే తూటాలు!

కౌబాయ్ హీరో నడుముకి వేలాడే రివాల్వర్లో ఎన్ని తూటాలుంటాయి?

"ఆరు!" అని మీరు ఠక్కున చెప్పేస్తారు. నేల టిక్కెట్టు ప్రేక్షకుడి నుంచి బాల్కనీ ప్రేక్షకుడి వరకు అందరిదీ అదే జవాబు. విలన్ గుర్రం దిగకముందే హీరో ఆరు సార్లు "ఢాం ఢాం" మనిపిస్తాడు. కొందరు హీరోలైతే పన్నెండు సార్లు పేల్చినా తూటాలు అయిపోవు. అది వేరే సంగతి!

కానీ ఆ తుపాకీలు నిజంగా నడుముకి కట్టుకుని బతికిన రోజుల్లో, బుద్ధి వున్నవాడెవడూ ఆరు గదుల్నీ నింపేవాడు కాదు. అయిదే నింపేవాడు. ఆరోది ఖాళీ. ఆ ఖాళీ గదే వాడి కాలునీ, పక్కవాడి ప్రాణాన్నీ కాపాడేది.

ఇదేమిటి, సినిమా పత్రికలో తుపాకీ పాఠం అంటారా? కాస్త ఓపిక పట్టండి. తుపాకీ జాగ్రత్తలు తెలియకే, తెలిసినా లెక్కచెయ్యకే, వెండితెర మనుషులు కొందరు సెట్టు మీదే ప్రాణాలు పోగొట్టుకున్నారు. అందుకే ఈ వ్యాసం.

అసలు నాకీ గొడవ ఎందుకు పట్టిందంటే, నేను కౌబాయ్ చిత్రాల పిచ్చివాణ్ణి. 1971 ఆగస్టులో విడుదలైన 'మోసగాళ్ళకు మోసగాడు' నా పుట్టుకకి చాలా ముందటి సినిమా. ఆరుద్ర రచన, కె.ఎస్.ఆర్.దాస్ దర్శకత్వం, రాజస్థాన్ ఇసుక దిబ్బల మీద కృష్ణగారి గుర్రం! 2023 మే 31న, కృష్ణగారి జయంతికి, దాన్ని మళ్ళీ కొత్త హంగులతో విడుదల చేసినప్పుడు నేనూ వెళ్ళి కూర్చున్నాను. నా పక్క సీట్లో పదేళ్ళ కుర్రాడు తాతగారితో వచ్చాడు. తెర మీద తుపాకీ పేలినప్పుడల్లా వేళ్ళు మడిచి లెక్కపెడుతున్నాడు. "తాతయ్యా, ఆరు అయిపోయాయి కదా, ఇంకా ఎలా పేలుతోంది?" అన్నాడు. తాతగారు "సినిమారా నాన్నా!" అనేశారు. ఆ కుర్రాడి ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

సుత్తి కొన మీద ముల్లు

ముందు ఆ ఆయుధం సంగతి చూద్దాం. శామ్యూల్ కోల్ట్ అనే అమెరికా ఆయన 1836లో తిరిగే సిలిండర్ తుపాకీకి పేటెంటు పుచ్చుకున్నాడు. కౌబాయ్ చిత్రాల్లో మనం ఎక్కువగా చూసేది మాత్రం ఆయన పోయిన తరవాత, 1873లో, ఆయన కంపెనీ తెచ్చిన 'సింగిల్ యాక్షన్ ఆర్మీ' రివాల్వర్. బరువు కిలో పైమాటే. అమెరికా సైన్యం అప్పట్లో దాన్నే తీసుకుంది.

'సింగిల్ యాక్షన్' అంటే ఏమిటి? ట్రిగ్గర్ నొక్కినంత మాత్రాన అది పేలదు. ముందు బొటనవేలితో వెనకనున్న సుత్తిని లాగాలి. అలా లాగినప్పుడే సిలిండర్ ఒక గది ముందుకి తిరుగుతుంది. అప్పుడు ట్రిగ్గర్ నొక్కితే సుత్తి వెళ్ళి తూటా వెనక భాగాన్ని కొడుతుంది. తూటా అడుగున ప్రైమర్ అనే చిన్న బిళ్ళ వుంటుంది. దెబ్బ తగిలితే నిప్పు పుట్టించేది అదే.

ఇక్కడే వుంది తిరకాసంతా! ఆ పాత రివాల్వర్లో సుత్తి కొనకే ఓ ముల్లు బిగించి వుంటుంది. సుత్తి పూర్తిగా దించి వుంటే ఆ ముల్లు తిన్నగా తూటా ప్రైమర్ మీదే ఆని వుంటుంది. మధ్యలో అడ్డు ఏమీ లేదు. అలాంటప్పుడు తుపాకీ జారి సుత్తి మీద పడిందనుకోండి... గుర్రం జీను కొమ్ము తగిలిందనుకోండి... గుమ్మం గొళ్ళేనికి కొట్టుకుందనుకోండి... ట్రిగ్గర్ ఎవరూ ముట్టకుండానే "ఢాం"!

"మరి కంపెనీవాడు జాగ్రత్త పెట్టలేదా?" అని అడుగుతారు. పెట్టాడు. సుత్తిని కొద్దిగా వెనక్కి లాగితే ఆగే గాడి ఒకటి పెట్టాడు. దాన్నే భద్రతా గాడి అన్నారు. ఇంకాస్త లాగితే తూటాలు నింపుకోవడానికి సగం గాడి. అయితే ఆ గాడిలో నిలిచేది ట్రిగ్గర్ తాలూకు సన్నటి ఉక్కు పెదవి. గట్టి దెబ్బ తగిలితే అది విరిగిపోతుంది. విరిగితే సుత్తి మళ్ళీ తూటా మీదికే! అంచేత ఆ గాడిని నమ్ముకుని ఆరు తూటాలతో తిరగడం తాటాకు గొడుగు పట్టుకుని వడగళ్ళవానలో నడిచినట్టే.

వ్యాట్ ఎర్ప్ గారి కోటు

ఇదంతా ఊహ అనుకోకండి. వ్యాట్ ఎర్ప్ పేరు విన్నారుగా? 1881 అక్టోబరు 26న టూంబ్‌స్టోన్ ఊళ్ళో ఓ.కె. కొరాల్ దగ్గర జరిగిన కాల్పుల్లో ఒక కథానాయకుడు. ఆయన మీద హాలీవుడ్ వాళ్ళు తీసినన్ని సినిమాలు మరే షెరీఫు మీదా తీసి వుండరు. హెన్రీ ఫోండా వేశాడు, బర్ట్ లాంకాస్టర్ వేశాడు, 1993లో కర్ట్ రసెల్ వేశాడు.

అంతటి మొనగాడికీ తప్పలేదు. 1876 జనవరిలో ఆయన కాన్సాస్ రాష్ట్రం విచిటాలో పోలీసు. ఒక రాత్రి సెలూన్ వెనక గదిలో ఇద్దరు ముగ్గురితో కలిసి కుర్చీలో కూర్చున్నాడు. రివాల్వర్ ఒరలోంచి జారి కింద పడింది. పడుతూ సుత్తి కుర్చీకి తగిలిందట. పేలింది! గుండు ఆయన కోటులోంచి దూసుకుపోయి, గోడకి తగిలి, కప్పులోంచి బయటికి పోయింది. అక్కడి పత్రిక ఈ ముచ్చట అచ్చు వేసింది కూడా. ఎవరికీ ఏమీ కాలేదు కనక అది ముచ్చట అయింది. అడుగు పక్కకి పోయివుంటే ఓ.కె. కొరాలూ లేదు, అన్ని సినిమాలూ లేవు!

1931లో స్టువర్ట్ లేక్ రాసిన ఎర్ప్ జీవిత చరిత్రలో, అనుభవం వున్నవాళ్ళు ఆరు గదుల్లో అయిదే నింపేవారన్న మాట వుంది. అనుభవం ఎక్కడ సంపాదించాడో ఇప్పుడు మనకి తెలుసు.

ఒకటి పెట్టు... ఒకటి వదులు... నాలుగు పెట్టు

మరి అయిదు నింపి, ఖాళీ గది సరిగ్గా సుత్తి కిందకే ఎలా తెచ్చేవారు? దానికో లెక్క వుంది. ఇప్పటికీ అమెరికాలో ఈ పాతరకం తుపాకీలు కాల్చేవాళ్ళు ఎక్కాల్లాగా అప్పజెప్పే లెక్క అది.

గొట్టం మూతిని మనుషులు లేని దిక్కుకి పెట్టాలి. వేలు ట్రిగ్గర్ మీద వుండకూడదు. సుత్తిని సగం గాడి దాకా లాగాలి. కుడి పక్కనున్న చిన్న తలుపు తెరవాలి. మొదట ఆరు గదులూ తిప్పి ఖాళీయేనా అని కళ్ళతో చూసుకోవాలి. ఆ తరవాత ఒక తూటా పెట్టు. ఒక గది వదులు. వరసగా నాలుగు పెట్టు. తలుపు మూసెయ్యి. సుత్తిని పూర్తిగా వెనక్కి లాగి, బొటనవేలితో గట్టిగా పట్టుకుని, మెల్లిగా కిందికి దించు. లెక్క తప్పకపోతే సుత్తి దిగేది ఖాళీ గది మీదే. అయినా నమ్మకూడదు. పక్కనించి వెలుతుర్లో చూస్తే సిలిండర్ వెనక తూటాల అంచులు కనిపిస్తాయి. సుత్తి దగ్గర అంచు లేకుండా సందు కనిపించాలి.

సగం గాడిలోంచి తిన్నగా దించెయ్యకూడదు. పూర్తిగా లాగే దించాలి. లేకపోతే సిలిండర్ తన స్థానంలో బిగుసుకోదు, దాని చుట్టూ గీత కూడా పడుతుంది. పాత రివాల్వర్ చూడగానే సిలిండర్ చుట్టూ గీత వుంటే, ఎవరో తెలియనివాడి చేతిలో పడిందని తెలిసినవాళ్ళు ఇట్టే చెప్పేస్తారు.

ఖాళీ గదిలో ఆనాటి కౌబాయ్‌లు అయిదు డాలర్ల నోటు చుట్టిపెట్టుకునేవారనీ, చస్తే కర్మకాండ ఖర్చులకనీ ఒక కథ చెబుతారు. కథే సుమండీ! వినడానికి బాగుందని చెప్పాను.

నల్లమందు రోజులు

1873కి ముందు సంగతి ఇంకా చిత్రం. అప్పటి కోల్ట్ నేవీ (1851), కోల్ట్ ఆర్మీ (1860), రెమింగ్టన్ రివాల్వర్లలో రెడీమేడ్ తూటా లేదు. ఒక్కో గదిలో నల్లమందు కొలిచి పొయ్యాలి, పైన సీసపు గుండు పెట్టాలి, గొట్టం కిందనున్న మీటతో దాన్ని మందు మీద ఆనేదాకా దట్టించాలి. మందుకీ గుండుకీ మధ్య ఖాళీ మిగలకూడదు. అన్నిటికన్నా ఆఖరున, వెనకనున్న చనుమొన లాంటి గొట్టాల మీద రాగి కేపులు తొడగాలి. కేపు ఆఖరునే ఎందుకు? అది లేనంతవరకు మంట రాదు కనక!

ఇందులోనూ మెళకువలున్నాయి. మందు సీసాలోంచి తిన్నగా గదిలోకి పొయ్యకూడదు. ముందు పేలిన గదిలో నిప్పురవ్వ మిగిలివుంటే సీసా మొత్తం చేతిలోనే పేలుతుంది. అందుకని చిన్న కొలతలోకి వంపుకుని పొయ్యాలి. గుండు గదిలో బిగుతుగా దిగాలి. దాని మీద కొవ్వో, గ్రీజో రాసేవారు. కేపులు వదులుగా వుండకూడదు. లేకపోతే ఒక గది మంట పక్క గదులకి పాకి, రెండు మూడు గదులు ఒక్కసారే పేలతాయి. గొట్టానికి ఎదురుగా వున్నది ఒక్క గదే కదా! మిగతావి ఎటు పోతాయో దేవుడికే ఎరుక. ఇంకోమాట. ఆ తుపాకీల్లో నల్లమందు గానీ, దానికి సరిసమానంగా తయారుచేసినది గానీ వెయ్యాలి తప్ప, నేటి పొగలేని మందు చిటికెడు కూడా వెయ్యకూడదు. ఆ ఒత్తిడికి సిలిండర్ ముక్కలవుతుంది.

మోసుకు తిరగడానికి కోల్ట్ వాడు గదికీ గదికీ మధ్య చిన్న మేకులు పెట్టాడు. సుత్తిని వాటి మీద ఆనించవచ్చు. రెమింగ్టన్ వాడు మేకుల బదులు గాళ్ళు కోశాడు. గాడి నయం, సుత్తి లోపలికి దిగి కూర్చుంటుంది. మేకులు మాత్రం వాడగా వాడగా అరిగిపోయేవి. అందుకని అక్కడా తెలివైనవాడిది అయిదు గదుల లెక్కే.

సెర్జియో లియోనె తీసిన 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' (1966) కథాకాలం అమెరికా అంతర్యుద్ధం. క్లింట్ ఈస్ట్‌వుడ్ చేతిలో వున్నది కోల్ట్ నేవీయే. కానీ అందులో ఆయన రెడీమేడ్ తూటాలు దోపుతాడు! ఆర్పార్ రంధ్రాలున్న సిలిండర్ పేటెంటు 1869 దాకా స్మిత్ అండ్ వెస్సన్ గుప్పిట్లో వుంది. కోల్ట్ వాడు పాత తుపాకీల్ని అలా మార్చి అమ్మింది ఆ తరవాతే. లియోనె గారు పదేళ్ళు ముందుకి దూకారన్నమాట. ఆ నేపథ్య సంగీతం వింటూ తేదీలెవరు చూస్తారు లెండి!

వేలాడదీసుకోవడమూ విద్యే

నింపడం ఒక ఎత్తు, మొయ్యడం ఇంకో ఎత్తు. ఒర తుపాకీకి సరిపడా వుండాలి. ట్రిగ్గర్ పూర్తిగా కప్పాలి. పైన సుత్తికి తగిలించే తోలు ఉచ్చు వుండాలి. గుర్రం ఎక్కినా, వంగినా, పరుగెత్తినా తుపాకీ జారకూడదు. హీరోగారిలా పంట్లాం నడుములో దోపుకోవడం చూడ్డానికి బాగుంటుంది. జారితే ఎటు పోతుందో చెప్పక్కర్లేదు.

ఇక వేలి మీద గిరగిరా తిప్పడం! తిరిగే తుపాకీ మూతి ఒక్క చుట్టులో తిప్పేవాడి కడుపునీ, మొహాన్నీ, పక్కవాణ్ణీ అందర్నీ చూసి వస్తుంది. వేలు వుండేది ట్రిగ్గర్ కమ్మీలోనే. అది ఖాళీ తుపాకీతో, బొమ్మ తుపాకీతో చేసే విద్య.

అమెరికాలో పాతకాలం వేషాలు వేసుకుని గురి పందేలు ఆడే సంఘం ఒకటుంది. పేరు సింగిల్ యాక్షన్ షూటింగ్ సొసైటీ. వాళ్ళ నియమం వినండి. రివాల్వర్ ఏ రకమైనా సరే, అయిదే తూటాలు, సుత్తి ఖాళీ గది మీద. ఇంటినించి నింపుకురావడం లేదు. పందెం ముందు ఒక బల్ల దగ్గర నింపాలి, పందెం అయ్యాక ఇంకో బల్ల దగ్గర అందరూ చూస్తుండగా ఖాళీ చెయ్యాలి. సరదా కోసం ఆడే ఆటలో అంత కట్టుబాటు!

అయితే అన్ని కౌబాయ్ తుపాకీలూ ఒకటి కావు. రూగర్ కంపెనీ 1973లో తన సింగిల్ యాక్షన్ రివాల్వర్ల లోపల ఒక ఉక్కు పలక పెట్టింది. ట్రిగ్గర్ పూర్తిగా నొక్కితేనే ఆ పలక పైకి లేచి సుత్తి దెబ్బని ముల్లుకి అందిస్తుంది. నొక్కకపోతే దెబ్బ చేరదు. వాటిలో ఆరూ నింపుకోవచ్చునని కంపెనీయే చెబుతుంది. అంతకు ముందు తను అమ్మిన పాతవాటిని పంపితే పైసా తీసుకోకుండా మార్చి ఇచ్చే ఏర్పాటూ చేసింది. చిక్కేమిటంటే పైకి చూస్తే రెండూ అన్నదమ్ముల్లాగే వుంటాయి. ఇటలీలో తయారయ్యే నకళ్ళలో చాలావాటి లోపల 1873 నాటి పనితనమే. పై మెరుపు చూసి లోపలి సంగతి తేల్చకూడదు.

కెమెరా ముందు మూడు చావులు

ఇప్పుడు అసలు బాధ చెప్పాలి.

1984 అక్టోబరు 12. 'కవర్ అప్' అనే టీవీ సీరియల్ సెట్టు. హీరో జాన్ ఎరిక్ హెక్సమ్, వయసు 26. షూటింగ్ ఆలస్యమవుతోంది. బ్లాంక్ తూటా వున్న రివాల్వర్ని సరదాగా కణతకి ఆనించి నొక్కాడు. బ్లాంకులో గుండు వుండదు, నిజమే. మందు వుంటుంది, దాన్ని మూసిన బిరడా వుంటుంది. అంత దగ్గరలో ఆ దెబ్బకి కపాలం పగిలింది. ఆరు రోజులకి పోయాడు.

1993 మార్చి 31. 'ది క్రో' చిత్రం. బ్రూస్ లీ కొడుకు బ్రాండన్ లీ, వయసు 28. దగ్గరి షాటు కోసం నిజం తూటాల్లోంచి మందు తీసేసి డమ్మీలు తయారుచేశారు, ప్రైమర్లు మాత్రం వదిలేశారు. ఒక ప్రైమర్ పేలి సీసపు గుండుని గొట్టంలోకి నెట్టింది. అది అక్కడే ఇరుక్కుంది. ఎవరూ గొట్టంలోకి తొంగి చూడలేదు. తరవాతి సీనుకి అదే రివాల్వర్లో బ్లాంకు వేసి పేల్చారు. బ్లాంకు మందు ఇరుక్కున్న గుండుని నిజం గుండులాగే తోసింది.

2021 అక్టోబరు 21. న్యూ మెక్సికోలో 'రస్ట్' అనే కౌబాయ్ చిత్రం రిహార్సల్. నటుడు అలెక్ బాల్డ్విన్ చేతిలో ఇటలీ వాళ్ళు చేసిన పాతరకం సింగిల్ యాక్షన్ రివాల్వర్. తూటాలు లేవని చెప్పి చేతికిచ్చారు. డమ్మీల మధ్య నిజం తూటా వుంది. ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ చనిపోయింది, దర్శకుడు జోయెల్ సౌజా గాయపడ్డాడు. ట్రిగ్గర్ నొక్కలేదని బాల్డ్విన్ చెబుతూ వచ్చారు. ఆ చిత్రం ఆయుధాల బాధ్యురాలికి 2024లో 18 నెలల శిక్ష పడింది. బాల్డ్విన్ మీద కేసుని, సాక్ష్యాలు దాచారన్న కారణంతో అదే ఏడాది జూలైలో కోర్టు కొట్టేసింది.

మూడూ వేరు వేరు తప్పులు. చివరి రెండింట్లోనూ కళ్ళు చెయ్యాల్సిన పని వదిలేశారు. నింపేవాడు ఆరు గదులూ చూడాలి. అందుకునేవాడు మళ్ళీ చూడాలి. గొట్టంలోకి వెలుతురు పోతోందో లేదో చూడాలి. డమ్మీ తూటాని చెవి దగ్గర ఊపితే లోపలి చిన్న గుళ్ళు గలగలమనాలి, లేదా పక్కన రంధ్రం కనపడాలి. నిజం తూటా సెట్టు గుమ్మం తొక్కకూడదు. ఇవన్నీ హాలీవుడ్ భద్రతా సూచనల్లో ఎప్పటినించో వున్న మాటలే. కాగితం మీద వుంటే చాలదు కదా!

మన సంగతి

కృష్ణానగర్లో నాకు తెలిసిన ఒక పెద్దాయన వున్నారు. సినిమాలకి ఆయుధాల ప్రాపర్టీ సరఫరా చేసి రిటైరయ్యారు. ఆయన పెట్టె నిండా కర్ర తుపాకీలు, ఫైబర్ తుపాకీలు. "ఇవి కూడా చేతికిచ్చేటప్పుడు మూతి కిందికి పెట్టి ఇస్తాను బాబూ" అన్నారు.

"కర్రదేగా మాస్టారూ, అదేం చేస్తుంది?" అన్నాను.

"కర్ర ఏమీ చెయ్యదయ్యా. చెయ్యి అలవాటు పడాలి. ఏదో ఒకనాడు నిజంది చేతికొస్తే, చెయ్యి పాత అలవాటే చేస్తుంది" అన్నారాయన.

వంద పేజీల పుస్తకం ఒక్క ముక్కలో చెప్పేశారనిపించింది.

మన దేశంలో 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా పేలే రివాల్వర్ ఇంట్లో పెట్టుకోవడం నేరం. తాతగారి కాలం నాటిది, అటక మీద దొరికింది అన్నా సరే, పేలే స్థితిలో వుంటే చట్టం ఊరుకోదు. దొరికితే దాని సుత్తి లాగి చూడకండి, ట్రిగ్గర్ నొక్కి చూడకండి. ఏ గదిలో ఏముందో! మూతి గోడకేసి పెట్టి, పిల్లల్ని దూరంగా పంపి, పోలీసు స్టేషనుకి కబురు చెయ్యండి. పాత ఆయుధాలు చూసే ముచ్చట వుంటే హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది వుంది, కడుపునిండా చూసి రండి.

కౌబాయ్ సినిమాలు చూడొద్దని నేననను. 'కొదమసింహం' (1990) వేస్తే చూస్తాను, 'టక్కరి దొంగ' (2002) వేస్తే చూస్తాను. మన దర్శకులకి నా మనవి ఒక్కటే. ఈసారి కౌబాయ్ చిత్రం తీస్తే, హీరో తూటాలు నింపే షాటు ఒకటి పెట్టండి. ఒకటి పెట్టు, ఒకటి వదులు, నాలుగు పెట్టు. విలన్ "ఆరోది ఏదిరా?" అని ఎగతాళి చెయ్యనివ్వండి. హీరో ఏం జవాబు చెప్పాలో మీ డైలాగ్ రైటర్ చూసుకుంటాడు. హాల్లో వేళ్ళు మడిచి లెక్కపెట్టే కుర్రాళ్ళు మాత్రం ఆ అయిదో వేలు దగ్గర ఆగి, ఎందుకని ఇంట్లో పెద్దవాళ్ళని అడుగుతారు. అప్పుడు "సినిమారా నాన్నా" అని తప్పించుకోకుండా, ఆ ఖాళీ గది ఎందుకో చెప్పండి!